మొక్కల ట్యాంకులో ఎరువు, వాటర్ చేంజ్: అపోహలు - వాస్తవాలు

మొక్కల ట్యాంకులు, అంటే చేపలతో పాటు నీటి మొక్కలు పెంచే అక్వేరియంలు సెట్ చేయడం, తర్వాత వాటి బాగోగులు చూడటం నా పని. నాచు పట్టిందని పిలిచినవాళ్లు ఎక్కువమంది ముందే చెప్పే మాట, "ఎరువు ఆపేశామండీ" అని. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

అపోహ: ఎరువు వేస్తే నాచు వస్తుంది.

ఒకప్పుడు అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎరువులోని ఫాస్ఫేటే నాచుకు మూలమని నమ్మి దాన్ని సున్నాకి దగ్గరగా ఉంచేవారు. అక్వేరియం మొక్కల నిపుణుడు టామ్ బార్ నైట్రేట్, ఫాస్ఫేట్ కావాలనే ధారాళంగా వేసి, మొక్కలు దట్టంగా, ఆరోగ్యంగా ఉన్న ట్యాంకులో వాటివల్ల నాచు రాదని చూపించాడు. పోషకాలు అంచనాగా కాస్త ఎక్కువే వేసి, వారం వారం సగం నీళ్లు మార్చే ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతికి పునాది అదే. నాచు బతకడానికి చాలా కొంచెం పోషకం చాలు, అందుకే ఎరువు ఆపితే ముందు మాడిపోయేది మొక్కే, చచ్చిన ఆకులు మళ్లీ నాచుకే మేత. నేను చూసినంతలో అసలు దోషి చాలాసార్లు లైటు. మొక్కలకు విడిగా ఇచ్చే సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) ఉండదు, లైటు మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని 6-8 గంటలకు తగ్గించండి, ఎరువు కొనసాగించండి.

అపోహ: చేపల వ్యర్థాలే మొక్కలకు సరిపోతాయి.

నైట్రోజన్, ఫాస్ఫరస్ వరకు కొంత నిజమే. పొటాషియం, ఐరన్ మాత్రం చాలినంత రావు. ట్యాంకుల్లో పెంచే జావా ఫెర్న్ మొక్క పాత ఆకు ఒకటి జాగ్రత్తగా చూడండి: సూదితో పొడిచినట్టు చిన్న చిల్లులు, చుట్టూ పసుపు అంచు కనిపిస్తే సాధారణంగా పొటాషియం తక్కువైనట్టు. కొత్త ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఐరన్‌ని అనుమానించాలి. పొటాషియాన్ని మొక్క పాత ఆకు నుంచి లాగి కొత్త చిగురుకి పంపుకోగలదు, ఐరన్‌ని అంత తేలిగ్గా పంపలేదు, అందుకే దెబ్బ వేర్వేరు చోట్ల కనిపిస్తుంది.

అపోహ: నీళ్లు ఎక్కువగా మారిస్తే మంచి బ్యాక్టీరియా పోయి చేపలు చనిపోతాయి.

చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే ఆ బ్యాక్టీరియా ఉండేది ప్రధానంగా ఫిల్టర్ మీడియాలో (ఫిల్టర్ లోపలి స్పాంజి లాంటివాటిలో), అడుగున ఉన్న మట్టిలో, ఆకుల మీద. నీళ్లలో ఉండేది చాలా తక్కువ. మరి నీళ్లు మార్చగానే చేపలు పోయాయని అంత గట్టిగా చెప్పేవాళ్ల మాట అబద్ధమా అంటే కాదు, కానీ కారణం వేరే. నెలల తరబడి ఆవిరైనంత నీళ్లే పైన పోస్తూ వచ్చిన ట్యాంకులో లవణాలు పేరుకుంటాయి, బ్యాక్టీరియా పనిచేసేకొద్దీ పీహెచ్‌ని నిలకడగా ఉంచే కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్లు) కరిగిపోతుంది, పీహెచ్ బాగా పడిపోతుంది, అప్పుడు ఆ బ్యాక్టీరియా పని కూడా మందగించి అమ్మోనియా మిగిలిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతకాలం అది పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. అలాంటి ట్యాంకులో ఒకరోజు సగానికి పైగా కొత్త నీళ్లు పోస్తే పీహెచ్ ఒక్కసారిగా ఎక్కి ఆ అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. చేపల్ని చంపింది నెలల నిర్లక్ష్యం, నింద వాటర్ చేంజ్ మీద పడింది. పాత ట్యాంకుని దారికి తేవాలంటే ఒకేసారి కాకుండా 10-15 శాతం చొప్పున, రోజులు ఎడం ఇస్తూ మార్చండి.

అపోహ: ప్రతివారం ఎరువు వేస్తే పేరుకుంటూనే పోతుంది.

వాటర్ చేంజ్ చేసేది ఇందుకే కదా! లెక్క చాలా సులువు. మొక్కలు ఏమీ పీల్చుకోకపోయినా, వారానికోసారి 50 శాతం నీళ్లు మారిస్తే ఏ పోషకమైనా వారపు డోసుకి రెండు రెట్లు దాటదు. 25 శాతం అయితే నాలుగు రెట్లు, 10 శాతం అయితే పది రెట్లు. ఉదాహరణకి 100 లీటర్లలో 1 గ్రాము పొటాషియం నైట్రేట్ వేస్తే దాదాపు 6 పీపీఎం (లీటరుకి 6 మిల్లీగ్రాములు) నైట్రేట్ వస్తుంది. వారానికి 3 గ్రాములు వేసి సగం నీళ్లు మారుస్తుంటే ఎరువు వల్ల వచ్చే నైట్రేట్ ఎంతకాలమైనా 37 పీపీఎం దగ్గరే ఆగుతుంది, మొక్కలు తినగా మిగిలేది ఇంకా తక్కువ. సీఓ2 లేని, లైటు తక్కువ ఉన్న ట్యాంకుకి ఇంత డోసు అవసరం లేదు, అప్పుడు నీళ్లు కూడా తక్కువ మార్చొచ్చు.

ఇంకొకటి, ఎరువులన్నీ ఒకే సీసాలో కలిపేయొచ్చు అనుకోవద్దు. ఐరన్, ఫాస్ఫేట్ చిక్కటి ద్రావణంలో కలిస్తే మడ్డిలా విరిగి అడుగున పేరుకుంటాయి, మొక్కకి అందవు. వేర్వేరు సీసాల్లో పెట్టుకుని రోజు మార్చి రోజు వేయండి. తోటకి వాడే ఎరువుల్లో యూరియా, అమ్మోనియం ఉంటాయి కాబట్టి చేపలున్న నీళ్లలో వాటిని చిటికెడు కూడా కలపకండి.