మన పప్పు డబ్బాలో టాంజానియా: అపోహలు - వాస్తవాలు

తూర్పు ఆఫ్రికా నుంచి కందులు, జీడిగింజలు తెప్పించే వ్యాపారం నాది. టాంజానియా అనగానే "సింహాలు చూశారా?" అంటారు. నేను చూసేది గోనెసంచులే!

అపోహ: రాజధాని దార్ ఎస్ సలామ్.
పెద్ద రేవు, బ్యాంకులు అక్కడ ఉండటంతో అందరూ అలాగే అనుకుంటారు. రాజధాని దేశం నడిమధ్యనున్న డొడోమా. నిర్ణయం 1973 నాటిది, ప్రభుత్వం సీరియస్‌గా మూటాముల్లె సర్దుకున్నది మాత్రం 2016 తర్వాతే.

అపోహ: చిన్న దేశం.
దాదాపు 9.45 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు రాష్ట్రాలూ కలిపినా అందులో మూడో వంతు రావు. జనం మాత్రం మనకంటే తక్కువే, 2022 లెక్కల ప్రకారం 6.17 కోట్లు.

అపోహ: కిలిమంజారో కెన్యాలో ఉంది.
కాదు. 5,895 మీటర్ల కొండ మొత్తం టాంజానియాదే. కెన్యా వైపు నుంచి తీసిన ఫొటోలు ఎక్కువగా తిరుగుతాయి, అంతే.

అపోహ: ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు.
ఆఫీసుల్లో సరే. 120కి పైగా తెగలున్న ఆ దేశాన్ని కలిపి ఉంచేది స్వాహిలీ. సంతలో బేరం ఆ భాషలోనే. జీడిగింజల్ని 'కొరోషో' అంటారని తెలిస్తే రైతు నవ్వుతాడు, ధర మాత్రం తగ్గించడు.

అపోహ: సఫారీలే బతుకుతెరువు.
పర్యాటకం పెద్దదే, ఎగుమతి సరుకుల్లో బంగారం కూడా పెద్దదే. కానీ ఎక్కువమంది బతికేది సేద్యం మీద. 2020లో ప్రపంచ బ్యాంకు ఆ దేశాన్ని దిగువ మధ్యాదాయ దేశాల్లో చేర్చింది.

అపోహ: కందులు వాళ్లు తినగా మిగిలినవే మనకొస్తాయి.
ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడి పంటలో చాలా భాగం మన మార్కెట్‌నే నమ్ముకుని వేస్తారు. మన దళారులు 'అరుషా', 'మత్వారా' అని రకాల పేర్లు చెబుతారే, అవి ఊళ్ల పేర్లు. అరుషా ఉత్తరాన, రెండోది దక్షిణ తీరాన. అక్కడ కోతలు జులై నుంచి సెప్టెంబరు దాకా. మన కొత్త పంట డిసెంబరు నుంచి గానీ మార్కెట్‌కు రాదు. సరుకు వెలితిగా ఉండే ఆ నెలల్లో వాళ్ల కందులు దిగుతాయి. 2017 ఆగస్టులో, సరిగ్గా వాళ్ల కోతలప్పుడు, మన ప్రభుత్వం కందుల దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. ఇక్కడ మన రైతు ధర కోసం తీసుకున్న నిర్ణయమది. అక్కడ ధర కుప్పకూలి, కందుల్ని అడిగే నాథుడు లేకుండా పోయాడు.