కొత్త గోల్ఫ్ ఐరన్లు అడిగిన మనవలకు ఉత్తరం

హైదరాబాదు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం నయా ఖిలాలో గోల్ఫ్ ఆట ముగించుకొని వస్తుండగా, వెనక సీటులో కూర్చుని మీరిద్దరూ "బ్లేడ్ ఐరన్లు కొనిపెట్టమని తాతయ్యను అడుగుదామా" అని గుసగుసలాడుకోవడం నా చెవిన పడింది. కారులో చెప్పిన మాట ఇంటి గేటు దాటేసరికి మీకు గుర్తుండదు కనుక, తీరికగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ 7 ఐరన్‌ను, అంటే లోహపు తల ఉన్న ఆ ఏడో అంకె కర్రను, తీసుకొని తలను వెనక్కి తిప్పి చూడండి. నడుమ లోహాన్ని తొలిచి, ఆ బరువును అంచులకు పంచి ఉంటారు. అందుకే దాన్ని క్యావిటీ బ్యాక్ అంటారు. భుజాన కావడి ఉన్న మనిషి గబుక్కున పక్కకు తిరగలేడు, ఎందుకంటే బరువంతా రెండు కొసల్లో ఉంటుంది. ఈ ఐరన్ తలకూ అదే న్యాయం వర్తిస్తుంది. బంతి నడిమికి కాక కొంచెం పక్కకు తగిలినా తల అంతగా మెలి తిరగదు, దూరమూ దిశా మరీ చెడవు. నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్, నలభై దాటాక గోల్ఫ్ పట్టి, తన పటర్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే కర్ర, తనకే నచ్చక, 1959లో బరువును రెండు కొసలకు జరిపిన పటర్ ఒకటి తయారు చేశాడు. బంతి తగిలినప్పుడు అది చేసిన చప్పుడే ఆయన సంస్థకు పింగ్ అని పేరయింది. తర్వాత అదే ఆలోచన ఐరన్లకూ వచ్చింది. కాబట్టి మీ చేతిలో ఉన్నది చిన్నపిల్లల సామాను ఏమీ కాదు. టోర్నమెంట్లు ఆడే వృత్తి ఆటగాళ్ళలోనూ క్యావిటీ బ్యాక్ వాడేవారు ఉన్నారు.

బ్లేడ్ సంగతి వేరు. తల చిన్నది, పై అంచు సన్నం, అడుగుభాగం ఇరుకు, బరువంతా నడిమి వెనకే ఉంటుంది. నడిమికి తగిలితే చేతికి ఏమీ తెలియదు, వెన్న కోసినట్లు ఉంటుంది. తప్పితే మాత్రం ఊరుకోదు. నా ముప్పై ఐదో ఏట నేనూ ఆ మెరుపు చూసి ఒక సెట్టు కొన్నాను. డిసెంబరు పొద్దున చలిలో 4 ఐరన్‌తో కొట్టిన మొదటి బంతి కొన దగ్గర తగిలి, వేళ్ళ నుంచి మోచేతి దాకా కరెంటు షాకు కొట్టినట్లయింది. బంతి ముప్పై గజాలైనా పోలేదు. పక్కన నిలబడ్డ, సంచి మోసే కేడీ మర్యాదకు ఆకాశం వైపు చూశాడు.

మరి మార్చే వేళ వచ్చిందని ఎలా తెలుస్తుంది? హ్యాండిక్యాప్ (ఆటగాడి నేర్పును చెప్పే అంకె, తక్కువైతే మేలు) ఇంతకు దిగితే మార్చవచ్చని చాలామంది ఒక అంకె చెబుతారు గాని, నేను దాన్ని నమ్మను. గుంట దగ్గర కొట్టే చిన్న దెబ్బలైన చిప్పింగూ పటింగూ బాగున్నవాడికి ఐరన్లు అంతంతమాత్రమైనా హ్యాండిక్యాప్ తగ్గుతుంది. నేను నమ్మేది టాల్కం పౌడరును. ఐరన్ ముఖాన్ని తుడిచి పలచగా పౌడరు అద్ది బంతి కొడితే, తగిలిన చోట గుండ్రని మచ్చ పడుతుంది. మచ్చ ఎక్కడ పడిందో కాగితం మీద గుర్తు పెట్టుకొని, ముఖం తుడిచి, మళ్ళీ అద్ది, అలా ఇరవై బంతులు కొట్టండి. పద్నాలుగైనా రూపాయి బిళ్ళంత చోటులో పడాలి. ఈ పరీక్ష సాధన చేసే రేంజిలోని చాప మీద చేయకూడదు, ఎందుకంటే బంతి వెనక నేలకు తగిలినా తల చాప మీద జారిపోయి తప్పును కప్పేస్తుంది. పచ్చిక మీద, అదీ పద్నాలుగు హోల్స్ (గుంటలు) ఆడుతూ నడిచి కాళ్ళు లాగుతున్నప్పుడు చేయాలి. మన నేల సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆగస్టు వానల్లో మెత్తబడిన మట్టిలోకి ఇరుకు అడుగున్న ఐరన్ ఇట్టే దిగబడుతుంది. ఏప్రిల్‌లో ఎండి బిగిసిన నేల మీద వెడల్పు అడుగున్నది ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. అందుకని రెండు కాలాల్లోనూ చూడాలి.

మచ్చలు ఒకచోటికి వచ్చినా మీరు ఇంకొక లెక్క చూసుకోవాలి. మీ సెట్టులో 7 ఐరన్ లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, 29 డిగ్రీలు. బ్లేడ్లలో 7 ఐరన్ 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే అంకె, అదే స్వింగ్, కాని బంతి ఎత్తుగా లేచి పది పదిహేను గజాలు తక్కువ పోతుంది. బలం తగ్గిందేమోనని కంగారుపడి బలంగా బాదడం మొదలుపెడితే ఉన్న స్వింగ్ కూడా పాడవుతుంది. బ్లేడ్లలోని లాభం వేరే ఉంది: ఎత్తు నుంచి దిగిన బంతి గ్రీన్ (గుంట చుట్టూ ఉన్న నున్నని పచ్చిక) మీద త్వరగా ఆగుతుంది, ప్రతిసారీ దాదాపు అంతే దూరం పోతుంది. అసలు దూరం కోసమైతే బ్లేడ్ల జోలికి పోకపోవడమే మేలు.

నా సలహా అడిగితే, సెట్టు మొత్తం ఒక్కసారే మార్చవద్దు. పొడవైన 4, 5, 6 ఐరన్లలో తప్పు కొట్టడం ఎక్కువ, కనుక అవి పాతవే ఉండనివ్వండి. పొట్టివి మాత్రం కొత్తవి తీసుకోండి, కాని అంకె చూసి కాదు, లాఫ్ట్ చూసి. పాత 7 తర్వాత కొత్త 8 పెడితే నడుమ తొమ్మిది పది డిగ్రీల సందు పడుతుంది, ఉండవలసింది నాలుగైదే. పాత 7 పక్కన కొత్త 7 పెట్టుకుంటే సరిపోతుంది. సంచిలో రెండు ఏడులు చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, నియమం చెప్పేది 14 క్లబ్బులు (కర్రలు) మించకూడదనే.

అమ్మాయీ, నీకు ప్రత్యేకంగా ఒక మాట. కిందటి దసరాకు కుట్టించిన లంగా ఇప్పుడు నీ చీలమండల పైకి వచ్చింది. ఎత్తు పెరుగుతున్నంత కాలం షాఫ్టు (కర్ర) పొడవూ, తల నేలకు ఆనే కోణమూ మారుతూనే ఉంటాయి కనుక, నీ ఎదుగుదల ఆగేదాకా కొత్తవి కొనను. అన్నయ్య సంగతి పౌడరు పరీక్ష అయ్యాక చూద్దాం.

వచ్చే ఆదివారం ఆరింటికల్లా సిద్ధంగా ఉండండి. 7 ఐరన్, పాత తువ్వాలు, తెల్ల కాగితం మీరు తీసుకురండి. పౌడరు డబ్బా, అటక మీద నుంచి దించిన నా పాత 4 బ్లేడూ నేను తెస్తాను. ఒక్కొక్కరు అయిదేసి బంతులు దానితో కొట్టి చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య