జింక పరాన్నజీవా?

చిన్నోడా, పాపా,

"మన శనగ చేను మేసే బతుకుతోంది కదా, అయితే జింక కూడా పరాన్నజీవే కదా తాతా?" అని అడిగినారు. కడుపుమంటతో అడిగినా మంచి ప్రశ్నే.

జింకను వేళగాని వేళ వచ్చే చుట్టం అనుకోండి. తింటుంది, పోతుంది. మన చేను లేకపోతే గడ్డి మేస్తుంది. అసలు పరాన్నజీవి అట్లా కాదు. న్యూజిలాండ్ సముద్రపు ఒడ్డు బండలకు బుల్ కెల్ప్ అనే గోధుమరంగు నాచు అతుక్కుని ఉంటుంది. కొన్ని 10 మీటర్ల దాకా సాగుతాయి. దాన్ని పట్టుకుని హెర్పోడిస్కస్ అనే చిన్న నాచు బతుకుతుంది. అదీ గోధుమరంగు నాచుల వంశమే! ఈ చుట్టం వాకిట్లో ఆగడు. సన్నని పోగులు కెల్ప్ లోపలికి దించి, అక్కడే కాపురం పెడతాడు. బయటికి కనిపించేది ముదురు మచ్చలే. ఎండతో వండుకునే రంగు చాలామటుకు పోగొట్టుకున్నాడు. కానీ ఆ వంటకు కావాల్సిన ముఖ్యమైన జన్యువొకటి చెడకుండా ఇంకా ఉంది! ఇల్లు వదిలినా పొయ్యిరాళ్లు మూటగట్టుకొచ్చినట్టు. ఈ ఇల్లు కూలితే మాత్రం వాడికి ఇంకో ఇల్లు లేదు.

నా చిన్నప్పుడు శనగ కాపలాకు నన్నే పంపేవాళ్లు. తెల్లారి చేలో నడిస్తే ఆకు మీది పులుపు మంచు కాళ్ల పగుళ్లకు తగిలి భగ్గుమనేది. మెలితిరిగిన కొమ్ముల నల్ల మగజింక ఎగిరి దూకితే డబ్బా కొట్టడం మర్చిపోయేవాణ్ణి. మా నాయన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. కొసలు మాత్రమే తుంచి పోతే శనగ పక్కకొమ్మలేసి గుబురయ్యేది. మంద దిగితే మోళ్లే మిగిలేవి. నష్టం లేదని నేననను. అయినా కంచెకు కరెంటు పెడదామని ఎవరన్నా అంటే మీరు ఒప్పుకోవద్దు, అది మనిషినీ చంపుతుంది. కర్నూలు దగ్గరి రోళ్లపాడులో 1988లో, గడ్డినేలల్లో తిరిగే పెద్ద పిట్ట బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం పెడితే, ఆ గడ్డిలో జింకలూ బతికినాయి.

రేపు పొద్దున గట్టు మీద రెండు చీలికల గిట్ట గుర్తులు వెతికి, ఎటు పోయినాయో చూడండి. ఆనక మన ఎనుము చెవి వెనక చూడండి. పిడుదు ఉంటే మూతిని చర్మంలోకి దించి, కదలకుండా ఉంటుంది. చేత్తో పీకొద్దు, మూతి లోపలే తెగి పుండవుతుంది. నాయనకు చెప్పండి.

మీ తాత