మజిల్ బ్రేక్, బ్లాస్ట్ షీల్డ్: అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక షూటింగ్ రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. శని, ఆదివారాల్లో మన తెలుగువాళ్లు కుటుంబాలతో వస్తుంటారు. కొత్తగా రైఫిల్ కొన్నవాళ్లు, కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లు ఎక్కువ. రైఫిల్ గొట్టం చివర బిగించే మజిల్ బ్రేక్ అనే చిన్న ఇనుప ముక్క గురించి, దాని చుట్టూ తొడిగే బ్లాస్ట్ షీల్డ్ గురించి వాళ్లు నమ్మి వచ్చే మాటల్లో కొన్ని చెవులకు నిజంగా హాని చేసేవి. పోయిన వినికిడి మళ్లీ రాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: మజిల్ బ్రేక్ పెడితే శబ్దం తగ్గుతుంది.

పెరుగుతుంది. తూటా గొట్టం దాటిన మరుక్షణం, దాని వెనకే మండిన మందు తాలూకు గ్యాస్ తూటా కంటే ఎక్కువ వేగంతో బయటికి తన్నుకొస్తుంది. .308 రైఫిల్‌నే (ఈ అంకె తూటా వ్యాసం, అంగుళాల్లో) తీసుకోండి. తూటా బరువు దాదాపు 11 గ్రాములు, మందు 3 గ్రాముల లోపే. అయినా భుజానికి తగిలే తోపులో (రీకాయిల్‌లో) పావు వంతు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, ఆ గ్యాస్ వల్లే వస్తుంది. బ్రేక్‌కి ఉన్న రంధ్రాలు గ్యాస్‌ని పక్కలకు, కొంచెం వెనక్కి మళ్లిస్తాయి. రీకాయిల్ తగ్గేది అందుకే. ముందుకు పోవాల్సిన పేలుడు మన వైపు తిరిగేదీ అందుకే. బ్రేక్ లేని అదే రైఫిల్‌తో పోలిస్తే షూటర్ చెవి దగ్గర సాధారణంగా 5 నుంచి 10 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ అంటే శబ్ద శక్తి పది రెట్లు.

పక్క బెంచ్‌లో ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. రంధ్రాలు సరిగ్గా వాళ్ల వైపే తెరుచుకుని ఉంటాయి. ఇండోర్ రేంజ్‌లో అయితే పక్క గోడలకు, స్టాల్ అడ్డుగోడలకు కొట్టుకుని పేలుడు వెనక్కి వస్తుంది. తొలిసారి వచ్చిన పిల్లలు పక్కనుంటే బ్రేక్ ఉన్న రైఫిల్‌ని చివరి లేన్‌కి మార్చమని నేనే అడుగుతాను. ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు, అది మర్యాదే.

అపోహ: ఇయర్ మఫ్స్ పెట్టుకున్నాం కదా, చాలు.

చెవికి ముప్పు అనుకునే హద్దు 140 డెసిబెల్స్. మామూలు రైఫిల్ పేలుడే సుమారు 155 నుంచి 170 దాకా ఉంటుంది. దానికి బ్రేక్ కూడా తోడైతే మఫ్స్ ఒక్కటే సరిపోవు. లోపల ఫోమ్ ప్లగ్స్, పైన మఫ్స్, రెండూ ఉండాల్సిందే. ప్యాకెట్ మీద శబ్దం తగ్గించే రేటింగ్ 33 అని ఉన్న ప్లగ్స్, 25 అని ఉన్న మఫ్స్ కలిపి 58 తగ్గుతుందని లెక్క వేసుకునేవాళ్లు ఉన్నారు. అలా కలవదు. రెండింట్లో పెద్ద రేటింగ్‌కి మరో 5 మాత్రమే కలుపుకోవాలి. ఆ 33 కూడా ప్లగ్‌ని సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపలిదాకా పెట్టుకుంటేనే. చెవి అంచున వేలాడే ప్లగ్ పెద్దగా ఏమీ ఆపదు. కళ్లజోడు కాడల వల్ల మఫ్స్ అంచు దగ్గర సందు వస్తుంది, అదీ చూసుకోండి.

గర్భిణులు "నేను కాల్చను, వెనక కూర్చుంటాను" అంటారు. దయచేసి లోపలికి రావొద్దు. మఫ్స్ తల్లి చెవిని కాపాడతాయి, కడుపులో బిడ్డను కాపాడలేవు. పైగా ఇండోర్ రేంజ్ గాలిలో సీసం ధూళి ఉంటుంది.

అపోహ: బ్లాస్ట్ షీల్డ్ అంటే లైసెన్స్ అక్కర్లేని సైలెన్సర్.

దీన్నే కొందరు బ్లాస్ట్ ష్రౌడ్ అంటారు. ముందు వైపు మాత్రమే తెరిచి ఉండే గొట్టం లాంటి తొడుగు ఇది. నోవెస్కీ కేఎక్స్3, ష్యూర్‌ఫైర్ వార్డెన్ లాంటివి ఈ కోవలోవే. పక్కలకు పోయే పేలుడుని ఇది ముందుకు, లక్ష్యం వైపు నెడుతుంది. షూటర్‌కీ, పక్కవాళ్లకూ హాయిగా ఉంటుంది. మొత్తం శబ్దం మాత్రం పోదు, దిశే మారుతుంది. అసలైన సప్రెసర్‌లో (సైలెన్సర్ అనేది దీన్నే) గ్యాస్‌ని గదులు గదులుగా ఆపి, చల్లబరిచి, నెమ్మదిగా వదిలే అడ్డుపలకలు ఉంటాయి. షీల్డ్‌లో అవేమీ ఉండవు. కాబట్టి షీల్డ్ ఉంది కదా అని ప్లగ్స్ తీసేయకండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం అమెరికాలో సప్రెసర్‌ని రిజిస్టర్ చేయించాలి. 2026 జనవరి 1 నుంచి 200 డాలర్ల పన్ను సున్నా అయింది కానీ రిజిస్ట్రేషన్ పోలేదు. "లోపల ఏదైనా కూరితే శబ్దం ఇంకా తగ్గుతుందేమో" అని షీల్డ్‌తో ఇంట్లో ప్రయోగాలు చేస్తే పదేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం అవుతుంది. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఫెడరల్ చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే మీరు తుపాకీ పట్టుకోవడమే తప్పు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. ఫ్రెండ్ గ్రీన్‌కార్డ్ ఉన్నవాడైనా సరే, అతని తుపాకీతో సరదాగా ఒక్క రౌండ్ అనుకోకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడి ఊరుకోలేను.

అపోహ: బ్రేక్ మీద షీల్డ్ తొడిగితే రెండు లాభాలూ దక్కుతాయి.

దక్కవు. బ్రేక్ పక్కకు పంపిన గ్యాస్‌ని షీల్డ్ గోడ మళ్లీ ముందుకే తిప్పుతుంది. గ్యాస్ ముందుకు పోతే రైఫిల్ వెనక్కి తంతుంది. తగ్గిన రీకాయిల్ చాలావరకు తిరిగొస్తుంది. అందుకే ఇవి వెంటనే తీసి పెట్టుకునేలా వస్తాయి: ఇండోర్‌లో జనం మధ్య షీల్డ్‌తో, ఆరుబయట ఒంటరిగా ఉన్నప్పుడు అది తీసేసి. కాల్చిన వెంటనే ఉత్త చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది.

అపోహ: బ్రేక్ ఉంటే గురి కుదురుతుంది.

గురి బ్రేక్ ఇవ్వదు. రైఫిల్ తక్కువ కదలడం వల్ల, మన తూటా ఎక్కడ తగిలిందో స్కోప్‌లోంచే మనం చూసుకోగలం. ప్రెసిషన్ రైఫిల్ పోటీల్లో బ్రేకులు అంతగా కనిపించేది ఈ కారణం చేతే. .50 క్యాలిబర్ బారెట్ లాంటి భారీ రైఫిళ్లకు అది లేకపోతే భుజం తట్టుకోవడం కష్టం. కానీ .223 తూటా కాల్చే ఏఆర్-15 రైఫిల్‌కి రీకాయిల్ మొదటి నుంచీ తక్కువే. కొత్తవాళ్లకు దాని మీద బ్రేక్ పెట్టించుకోవద్దనే చెబుతాను. భయపెట్టే పేలుడు ముఖం మీద తగిలితే, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునే అలవాటు పడుతుంది. అది పోగొట్టుకోవడానికి నెలలు పడుతుంది.

ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నియమాలు బ్రేకులను ఒప్పుకోవు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పటి ఫొటోలు చూసి, గొట్టం చివరి ట్యూబ్‌ని సైలెన్సర్ అనుకునేవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. అది ముందు సైట్‌ని దూరంగా నిలబెట్టే ట్యూబ్. దానికి రంధ్రాలు ఉండకూడదనేది కూడా నియమమే.

అపోహ: ఫ్లాష్ హైడర్, బ్రేక్ రెండూ ఒకటే.

ఫ్లాష్ హైడర్ మంట వెలుగుని తగ్గిస్తుంది, అంతే. కాలిఫోర్నియాలో కొన్ని సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు ఫ్లాష్ హైడర్‌ని చట్టం ఒప్పుకోదు, బ్రేక్ పర్వాలేదు. న్యూయార్క్ 2013 చట్టం బ్రేక్‌ని కూడా అలాంటి నిషేధ జాబితాలో చేర్చింది. రాష్ట్రం మారేటప్పుడు ముందే చూసుకోండి.

అపోహ: గొట్టం చివరి మర (థ్రెడ్) పట్టిందంటే బ్రేక్ సరిపోయినట్టే.

మర ఒకటే అయినా రంధ్రం వేరే కావచ్చు. .223 కోసం చేసిన బ్రేక్‌ని .308 తూటా వెళ్లే గొట్టానికి బిగిస్తే తూటా బ్రేక్‌నే ఢీకొంటుంది, ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. వాషర్ వంకరగా నలిగి బ్రేక్ కాస్త పక్కకు కూర్చున్నా తూటా అంచుని రాసుకుంటూ పోవచ్చు. కొత్తగా పెట్టించుకున్నవాళ్లు రైఫిల్ ఖాళీ చేసి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. గొట్టంలోకి అలైన్‌మెంట్ రాడ్ దూర్చి, అది బ్రేక్ రంధ్రం మధ్యలోంచి వస్తోందో లేదో కొద్ది నిమిషాల్లో చూసి చెబుతారు.