చలికాలంలో ఆపరేషన్ వాయిదా: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రిలో మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. డిసెంబర్ దాటిందంటే ఇక్కడి మనవాళ్లు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: డాక్టర్లు సెలవుల్లో ఉంటారు, అందుకే వాయిదా వేస్తారు.

వాస్తవం: సర్జన్, నేను, థియేటర్ నర్సులు అందరం సిద్ధంగానే ఉంటాం. లేనిది బెడ్. మోకీలు మార్చాక పేషెంట్‌ని వార్డులో ఉంచాలి కదా! జనవరిలో ఆ బెడ్ మీద ఫ్లూతోనో న్యుమోనియాతోనో వచ్చిన పెద్దాయన ఉంటారు. ఆయనకి తగ్గినా, ఇంటి దగ్గర చూసుకునే కేరర్ కుదరక అక్కడే ఉండిపోతారు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చిన మన పేషెంట్ గౌను వేసుకుని, కాలి మీద మార్కర్‌తో గీసిన బాణం గుర్తుతో కూర్చుంటారు. మేం బెడ్ మేనేజర్ ఫోన్ కోసం చూస్తుంటాం. "లేదు" అంటే అంతే సంగతులు.

అపోహ: అయితే చలికాలమంతా ఆపేయడమే మేలు.

వాస్తవం: 2018 జనవరిలో అదే చేశారు. అత్యవసరం కానివి నెలాఖరు దాకా ఆపమన్నారు, క్యాన్సర్ ఆపరేషన్లను మాత్రం మినహాయించారు. గండం గట్టెక్కించడానికి అది పనికొస్తుందేమో గానీ, ఏటా చేసే పని కాదని నా అభిప్రాయం. ఆగిన కేసులు ఎక్కడికీ పోవు, వసంతంలో మా నెత్తినే పడతాయి. శుక్లాలు, హెర్నియా లాంటివాటికి సాధారణంగా రాత్రి బెడ్డే అక్కర్లేదు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం. కీళ్ల మార్పిడికి ఎమర్జెన్సీతో సంబంధం లేని విడి కేంద్రం ఉంటే ఫ్లూ కేసులు ఆ బెడ్ల జోలికి రావు. ఎప్సమ్‌లోని సౌత్ వెస్ట్ లండన్ ఎలెక్టివ్ ఆర్థోపెడిక్ సెంటర్ 2004 నుంచి ఇలాగే నడుస్తోంది.

అపోహ: పేషెంట్‌ని చూడ్డానికి వచ్చేవాళ్లు శానిటైజర్ రాసుకుంటే చాలు.

వాస్తవం: వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి అది సరిపోదు, సబ్బూ నీళ్లే. బేలో (వార్డులో కొన్ని బెడ్లు కలిసి ఉండే భాగంలో) ఈ వాంతులు మొదలైతే ఆ బే మూసేస్తారు. పక్కన ఖాళీ బెడ్లున్నా కొత్తవాళ్లని చేర్చుకోలేం. మీకు వాంతులు, విరేచనాలు తగ్గి 48 గంటలు కాకపోతే వార్డుకి రావద్దు. అమ్మకి క్యారేజీ ఇంకెవరిచేతైనా పంపండి.

అపోహ: దగ్గుందని చెబితే డేట్ పోతుంది, దాచడమే మేలు.

వాస్తవం: ముందే చెబితే ఆ స్లాట్ ఇంకొకరికి ఇస్తాం. దాచి వస్తే మత్తులో శ్వాసనాళాలు బిగుసుకునే ప్రమాదం ఉంది. చెస్ట్ వింటే నాకు ఎలాగూ తెలిసిపోతుంది!

అపోహ: రద్దయితే మళ్లీ లైన్ చివరికి.

వాస్తవం: కాదు. ఆసుపత్రి కారణాలతో అదే రోజు రద్దు చేస్తే, 28 రోజుల లోపు ఆపరేషన్ జరిగేలా ఇంకో డేట్ ఇవ్వాలి. ఇంటికి బయల్దేరే ముందే ఆ డేట్ ఎవరు చెబుతారో, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో అడిగి రాసుకోండి.