వెంచర్ క్యాపిటల్ వడ్డీ లేని అప్పు కాదు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తున్న నా దగ్గరకు ప్రతి వేసవిలోనూ చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు పరిశ్రమల వారు వస్తుంటారు. తోతాపురి కోతలు మొదలయ్యేలోపు రైతులకు చెల్లించవలసిన సొమ్ము సమకూర్చుకోవాలి, బ్యాంకు ఇచ్చిన పరిమితి చాలదు. ఆ ఆందోళనలో ఉన్నవారికి ఎవరో ఒకరు వెంచర్ క్యాపిటల్, అంటే కంపెనీలో వాటా తీసుకుని ఫండ్లు పెట్టే పెట్టుబడి, పేరు చెబుతారు. "వడ్డీ లేదు, వాయిదా లేదు, నష్టమొస్తే వాళ్లదే గదా సార్" అని ఈసారి వచ్చిన అన్నదమ్ములిద్దరూ అడిగారు. ఇన్నేళ్లలో ఈ ఒక్క మాట వల్ల నష్టపోయినంతగా మరే అపోహ వల్లా మనవాళ్లు నష్టపోవడం నేను చూడలేదు.

వడ్డీ లేదన్న మాట నిజమే. కానీ ఆ డబ్బు ఫండ్ నిర్వాహకుల సొంతం కాదు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2012 నిబంధనల ప్రకారం నమోదైన ఇటువంటి ఫండ్లలో ఒక్కొక్క మదుపరి సాధారణంగా కనీసం కోటి రూపాయలు పెట్టాలి. ఫండ్‌కు ఒక కాలపరిమితి ఉంటుంది, ఆచరణలో అది ఎనిమిది నుంచి పదేళ్లు. ఆ గడువు ముగిసేలోపు ఆ మదుపరులకు సొమ్ము తిరిగి ఇవ్వాలి కాబట్టి, మీ కంపెనీలో కొన్న వాటాను అయిదారేళ్లలో ఎవరికో ఒకరికి అమ్మి తీరాలి. పైగా వారు పెట్టుబడి పెట్టిన పది కంపెనీలలో చాలావరకు దెబ్బతింటాయని వారికి ముందే తెలుసు. ఆ నష్టాన్ని పూడ్చడానికి మిగిలిన ఒకటి రెండు కంపెనీలు ఎన్నో రెట్లు పెరగాలి. ఏడాదికి పదిహేను శాతం చొప్పున నిలకడగా లాభంతో ఎదిగే గుజ్జు ఫ్యాక్టరీ ఎంత మంచి వ్యాపారమైనా ఈ లెక్కలో ఇమడదు. అది ఆ ఫ్యాక్టరీ లోపం కాదు.

కొన్నేళ్ల క్రితం పనీరు, నెయ్యి తయారుచేసే ఒక కుటుంబ సంస్థకు ఒక ఫండ్ 20 శాతం వాటాకు నాలుగు కోట్లు ఇచ్చింది. ఒప్పందం కుదిరినప్పుడు నేను వారి ఆడిటర్‌ను కాను. అయిదేళ్లు నిండాక ఫండ్ నుంచి నోటీసు వచ్చినప్పుడు, ఆ సంస్థను నడుపుతున్నావిడ అరవై పేజీల ఒప్పందాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. వాల్యుయేషన్, అంటే కంపెనీకి కట్టిన విలువ, అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో మూడుసార్లు సున్నా చుట్టి ఉంది. ఫండ్ తన వాటా అమ్ముకుని బయటపడే ఎగ్జిట్ షరతులున్న పేజీ మాత్రం మడత కూడా నలగలేదు. అయిదేళ్లలో వాటా అమ్ముడుపోయే దారి చూపకపోతే, ఏడాదికి 18 శాతం చక్రవడ్డీతో సమానమైన రాబడి కలిపి కంపెనీయో, ప్రమోటర్లో (అంటే దానిని నడిపే యజమానులు) ఆ వాటాను తిరిగి కొనాలని అందులో రాసి ఉంది. నాలుగు కోట్లు ఆ లెక్కన తొమ్మిది కోట్ల పదిహేను లక్షలవుతాయి. కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనే బైబ్యాక్‌కు కంపెనీల చట్టం 68వ సెక్షన్ పరిమితులు పెట్టింది కాబట్టి కంపెనీ అంత సొమ్ముతో కొనడం కుదరదు. అందువల్ల ఆ భారం ప్రమోటర్ల మీదే పడింది.

చివరికి ఎనిమిది నెలల చర్చల తర్వాత సంస్థను తొమ్మిది కోట్లకు మరొకరికి అమ్మవలసి వచ్చింది, ఫండ్ ఆ రాబడి కోరికను వదులుకుంది. తమ 80 శాతానికి ఏడు కోట్ల ఇరవై లక్షలు వస్తాయని ఆమె లెక్క వేసుకున్నారు. కానీ ఫండ్‌వి సాధారణ షేర్లు కావు. వారి ప్రిఫరెన్స్ షేర్ల షరతు ప్రకారం ముందుగా పెట్టిన నాలుగు కోట్లు తీసుకున్నారు, మిగిలిన అయిదు కోట్లలో మళ్లీ 20 శాతం, అంటే మరో కోటి తీసుకున్నారు. ఆ కుటుంబానికి దక్కింది నాలుగు కోట్లు. పెట్టిన సొమ్ముకు ప్రాధాన్యం ఇస్తూనే మిగిలిన దానిలో వాటా ఇవ్వని షరతు రాసుకుని ఉంటే అయిదు కోట్లు దక్కేవి. ఒక వాక్యం విలువ కోటి రూపాయలు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెట్టుబడి ముఖ్య షరతులు రాసుకునే టర్మ్ షీట్ దశలో, సంతకానికి ముందు, ఎవరైనా ఇదే లెక్కను పది నిమిషాలు చూపించి ఉండవలసిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఏ టర్మ్ షీట్ వచ్చినా నేను వాల్యుయేషన్‌ను ఆఖరున చదువుతాను. ఎగ్జిట్, ప్రాధాన్యపు చెల్లింపు, అందరి వాటాలనూ కలిపి అమ్మించే హక్కు, ఈ మూడూ ముందు చూస్తాను.

మిగిలిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫండ్ ఇప్పిస్తామని ముందుగా ప్రాసెసింగ్ ఫీజు అడిగేవారికి రూపాయి కూడా ఇవ్వవద్దు, పేరున్న ఏ ఫండూ దరఖాస్తుదారుల దగ్గర రుసుము వసూలు చేయదు. సొంత పేరుతోనో భాగస్వామ్యంతోనో నడిచే సంస్థకు షేర్లు జారీ చేసే వీలు లేదు కాబట్టి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఏర్పాటు చేసుకోక తప్పదు. షేర్లను సరైన విలువ కంటే ఎక్కువ ధరకు అమ్మితే ఆ అదనపు సొమ్ము మీద పడే ఏంజెల్ ట్యాక్స్ గురించిన భయం ఇంకా వినిపిస్తోంది, దానిని 2024 బడ్జెట్‌లోనే రద్దు చేశారు. తిరుపతిలో ఉంటే ఎవరూ పట్టించుకోరన్న నిరాశ కూడా అక్కరలేదు. ఏర్పేడు ఐఐటీ ప్రయోగశాలలో పుట్టిన ఒక పరికరం దేశమంతటా అమ్ముడుపోగలిగితే, ఫండ్ దానిని వెతుక్కుంటూ వస్తుంది. వెంచర్ క్యాపిటల్ ఉద్దేశించింది అటువంటి వాటికే.

ఆ అన్నదమ్ములకు కావలసింది మూడు కోట్లు, అదీ జూన్, జూలై నెలల్లో కాయ కొనడానికి. గుజ్జు అమ్ముడుపోగానే తిరిగివచ్చే సొమ్ము కోసం కంపెనీలో శాశ్వతంగా వాటా ఇవ్వడం అన్యాయం అని వారికి చెప్పాను. తనఖా చూపలేని చిన్న పరిశ్రమల అప్పులకు బ్యాంకుకు హామీ ఇచ్చే ట్రస్టు సీజీటీఎంఎస్ఈ హామీ పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి పది కోట్లకు పెరిగింది. బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ కొనుగోళ్లకు వాడే అప్పు) పరిమితి పెంచుకోవడానికి దరఖాస్తు సిద్ధం చేస్తున్నాం. మూడేళ్ల స్టాకు రిజిస్టర్లు, నిల్వలో ఉన్న గుజ్జు డ్రమ్ముల లెక్క, ఎగుమతి ఆర్డర్ల నకళ్లు సోమవారం తీసుకుని రమ్మన్నాను.