పెట్టె మీద మిగిలిన ఐదో వంతు: ఉరుగ్వే పొగాకు పోరు

ఉరుగ్వేలో పొగాకు నియంత్రణ ఒక్క చట్టంతో వచ్చింది కాదు. ప్రభుత్వం ఒక దారి మూసిన ప్రతిసారీ కంపెనీలు పక్కదారి వెతికాయి, దాన్నీ మూయాల్సి వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆ దేశం 2004లోనే ఆమోదించింది. 2005లో అధ్యక్షుడైన తబారె వాస్కెస్ స్వయానా క్యాన్సర్ వైద్యుడు. 2006 మార్చి 1 నుంచి ఆఫీసులు, బార్లు, హోటళ్లు సహా నలుగురు చేరే మూసిన చోట్లన్నిటా పొగ నిషేధించారు. లాటిన్ అమెరికాలో ఇలా చేసిన మొదటి దేశం ఇదే. పొగతాగేవాళ్లకు విడిగా గది అన్న వెసులుబాటు కూడా ఇవ్వలేదు. సరైన నిర్ణయం. తలుపు తీసినప్పుడల్లా ఆ గదిలోని పొగ పక్క బల్ల దాకా వస్తుంది.

అసలు చిక్కు, హాని తక్కువన్న భ్రమ కలిగించే 'లైట్' సిగరెట్లతో వచ్చింది. వాటి ఫిల్టర్ చుట్టూ సూదిమొనంత రంధ్రాలు వరసగా ఉంటాయి. పరీక్ష యంత్రం పీల్చితే వాటిగుండా గాలి చేరి తారు తక్కువగా నమోదవుతుంది. మనిషి పీల్చేటప్పుడు మాత్రం వేళ్లో పెదవులో ఆ రంధ్రాలను మూసేస్తాయి, పైగా నికోటిన్ చాలక దమ్ము లోతుగా లాగుతాడు. 'లైట్', 'మైల్డ్' అన్న మాటల్ని నిషేధిస్తే కంపెనీలు ఆ పనిని రంగులకు అప్పగించాయి. బంగారు రంగు పెట్టె చూడగానే పాత 'లైటే' అని కొనేవాడికి అర్థమైపోయేది. అందుకే 2008లో ఒక బ్రాండ్‌కు ఒకే రకం అన్న నిబంధన పెట్టారు. మార్ల్‌బొరోలో ఎరుపు ఒక్కటే మిగిలింది. 2009లో హెచ్చరిక బొమ్మల్ని పెట్టెకు రెండువైపులా 50 నుంచి 80 శాతానికి పెంచారు. బ్రాండ్‌కు దక్కింది ఐదో వంతు.

ఈ రెండు నిబంధనల మీదే 2010లో మార్ల్‌బొరో కంపెనీ ఫిలిప్ మోరిస్, స్విట్జర్లాండ్‌తో ఉరుగ్వేకున్న పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని ప్రపంచ బ్యాంకు అనుబంధ మధ్యవర్తిత్వ కేంద్రానికెక్కింది. 34 లక్షల జనాభా ఉన్న దేశానికి ఆ ఖర్చు భరించడమే గండం. అమెరికా కుబేరుడు మైకేల్ బ్లూమ్‌బర్గ్ ఫౌండేషన్ ఆదుకుంది. 2016 జులై 8న తీర్పు ఉరుగ్వే వైపు వచ్చింది. ట్రేడ్‌మార్క్ ఉంటే దాన్ని ఇతరులు వాడకుండా అడ్డుకోవచ్చు, అంతేగాని ప్రభుత్వ నియంత్రణకు అతీతంగా వాడుకునే హక్కు రాదన్నది అందులోని కీలకాంశం. ఖర్చుల కింద కంపెనీయే ఉరుగ్వేకు 70 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఇతర దేశాలకు ఈ తీర్పు ఇచ్చిన ధైర్యం ఆ డబ్బు కన్నా ఎంతో విలువైనది.

2009లో 25 శాతంగా ఉన్న పొగతాగే పెద్దల వాటా 2017కు 21.6 శాతానికి తగ్గింది. 2018 చట్టంతో పెట్టె మీద రంగులు, లోగోలూ పోయాయి.

ఖరీదు దగ్గర మాత్రం కంత ఇంకా ఉంది. ఫ్యాక్టరీ సిగరెట్ ప్రియమైతే పేదవాడు మానేయడం లేదు, కాగితంలో చేత్తో చుట్టుకునే చౌక పొగాకుకు మారుతున్నాడు. పరాగ్వే నుంచి దొంగసరుకూ వస్తోంది. ఆ దొంగసరుకునే కారణంగా చూపి 2022లో ప్రభుత్వం పెట్టెల నిబంధనలను కొంత సడలించింది.